ఎండిన చెరువుకూ పని ఉంటుంది

కొన్ని వారాలు అలా వస్తాయి. లేస్తాం, పళ్లు తోముకుంటాం, కాఫీ తాగుతాం. ఆ రోజుకు ఉన్న ఊపంతా అక్కడితో అయిపోతుంది. నెల కిందట ఇష్టంగా మొదలుపెట్టిన పుస్తకం బల్ల మీద అదే పేజీ దగ్గర బోర్లా పడి ఉంటుంది. హైదరాబాద్ అశోక్‌నగర్ గదిలో గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాడికి చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడవడం కూడా బరువనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయికి ల్యాప్‌టాప్ తెరవబుద్ధి కాదు. పిల్లలు బడికి వెళ్లాక కుట్టుమిషన్ ముందు కూర్చునే ఇల్లాలికి సూదిలో దారం ఎక్కించడానికి చెయ్యి రాదు. ఒంట్లో జ్వరం లేదు, నొప్పి లేదు. ‘ఏమైంది?’ అని ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణమూ లేదు.

ఇలాంటప్పుడు మనలో చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. ఒకటి, తమను తాము తిట్టుకోవడం: బద్ధకం, క్రమశిక్షణ లేదు, పక్కింటివాళ్ల అబ్బాయిని చూసి నేర్చుకో అని లోపలినుంచే ఒక గొంతు మొదలవుతుంది. రెండోది, ఎక్కడినుంచో ఊపు తెచ్చుకోవాలని చూడటం: ఒక వీడియో, ఇంకో వీడియో, కొత్త డైరీ, కొత్త టైమ్‌టేబుల్. మొదటిదానితో మనసు గాయపడుతుంది. రెండోదానితో తెచ్చుకున్న ఊపు సాయంత్రానికి దిగిపోతుంది. మర్నాడు మళ్లీ అదే బల్ల, అదే పేజీ.

మూడో దారి ఒకటి ఉంది. దాన్నే పెద్దలు ఓర్పు అన్నారు. అయితే ఓర్పు అనగానే చేతులు కట్టుకుని, పళ్లు బిగబట్టి, రోజులు గడిచేదాకా కూర్చోవడమే మనకు గుర్తొస్తుంది. మొక్కలను, పురుగులను, నేలను, నీటిని నమ్ముకుని బతికేవాళ్లను గమనిస్తే ఓర్పుకు ఇంకో రూపం కనిపిస్తుంది. వాళ్లకు ఆగిన కాలం కూడా ఒక కాలమే. దానికీ ఒక పని ఉంటుంది, చేయకూడని పనీ ఉంటుంది. ఏది ఏదో తెలుసుకుని నడుచుకోవడమే వాళ్ల ఓర్పు.

ముందుగా ఆ వెదురు కథ

వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో తరచూ వినిపించే కథ ఒకటుంది. చైనా వెదురు నాటాక నాలుగేళ్లు నేల మీద ఏమీ కనిపించదట. రైతు రోజూ నీళ్లు పోస్తూనే ఉంటాడట. అయిదో ఏట ఆరు వారాల్లో ఎనభై అడుగులు పెరుగుతుందట. కాబట్టి మీరూ ఓపిక పట్టండి, ఒకరోజు అమాంతం ఆకాశాన్ని అందుకుంటారు అని చెప్పి ముగిస్తారు.

చప్పట్లు కొట్టించే కథే. చిక్కల్లా వెదురు అలా పెరగకపోవడమే. విత్తనం మొలిచిన మొదటి ఏడే సన్నటి గడ్డిపోచల్లాంటి పిలకలు నేల మీదికి వస్తాయి. మరుసటి వానాకాలం వచ్చే పిలకలు కొంచెం లావుగా, కొంచెం ఎత్తుగా ఉంటాయి. ఆ తర్వాతి ఏడు ఇంకొంచెం. ఒక్కో పిలక తన ఆకులతో చేసుకున్న ఆహారాన్ని నేలలోని దుంపకు పంపుతుంది. ఆ దుంప బలిసేకొద్దీ తర్వాతి పిలక లావుగా వస్తుంది. నేలలోంచి బయటపడిన బొంగు మళ్లీ లావెక్కదు. ఎంత మందంతో పుట్టిందో అంతే మందంతో, ఒకే వానాకాలంలో తన ఎత్తుకు చేరుకుంటుంది. అందుకే ముదిరిన పొదలో బొంగులు చూస్తుండగానే పెరిగినట్టు అనిపిస్తుంది. వెనక నాలుగైదేళ్ల పీలపిలకల కష్టం ఉంది. అవి కనిపించలేదని కాదు, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. కథలోని వెదురు ‘ఏమీ కనిపించకపోయినా నమ్మకంతో కూర్చో’ అంటుంది. అడవిలోని వెదురు ‘ఈ ఏడు నీకు సాధ్యమయ్యేది సన్నటి పిలకే అయితే, అదే వెయ్యి’ అంటుంది. ఉత్సాహం లేని రోజుల్లో మనం చదివిన రెండు పేజీలు, రాసిన నాలుగు వాక్యాలు, నడిచిన పది నిమిషాలు ఆ సన్నపిలకల కోవలోకే వస్తాయి. వాటిని చూసి సిగ్గుపడి మానేస్తే తర్వాతి ఏటి బొంగుకు బలం ఉండదు.

మేత వేయకూడని రోజు

హిందూపురం, మదనపల్లె, పలమనేరు చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్లకు వెళ్తే ఓర్పు మీద మంచి పాఠం దొరుకుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు గూడు కట్టేలోపు, ఇంచుమించు ఇరవై అయిదు రోజుల్లో, తన బరువును దాదాపు పదివేల రెట్లు పెంచుకుంటుంది. అంత తిండిపోతు ఈ మధ్యలో నాలుగుసార్లు తినడం పూర్తిగా మానేస్తుంది. పాత చర్మం బిగుతైపోతుంది. అది వదలనిదే ఒళ్లు ఇంకా పెరగదు. పురుగు తల పైకెత్తి, కాళ్ల కింద సన్నటి పట్టుపోగుతో తనను తాను ఆకుకు కట్టేసుకుని, ఇంచుమించు ఒక పగలూ రాత్రీ కదలకుండా ఉండిపోతుంది. రైతులు దీన్ని జ్వరం అంటారు: మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు.

ఇక్కడ రైతు చేసే పనులు చూడండి. పురుగులు జ్వరంలోకి వెళ్తున్నాయని గుర్తించగానే మల్బరీ ఆకు వేయడం ఆపేస్తాడు. పడకను పలచన చేస్తాడు. తేమ లేకుండా పైన సున్నం పొడి చల్లుతాడు. గాలి ఆడేలా చూస్తాడు. వాటిని కదపడు. కొన్ని పురుగులు ముందుగా లేచి తల ఆడిస్తున్నా ఆకు వేయడు. నూటికి తొంభైకి పైగా లేచేదాకా ఆగుతాడు. తొందరపడి వేస్తే ముందు లేచినవి తిని ఎదిగిపోతాయి, ఇంకా జ్వరంలో ఉన్నవి ఆకుల కింద తేమలో కూరుకుపోతాయి. పంట ఎగుడుదిగుడవుతుంది, రోగాలు మొదలవుతాయి. మరీ ఆలస్యం చేస్తే లేచినవి ఆకలితో నీరసిస్తాయి.

ఆగిన పురుగుకు ఆకు వేయడం దాని మీద ప్రేమలాగే కనిపిస్తుంది. మనం మన మీద చేసుకునేదీ అదే. దేని మీదా మనసు నిలవని వారంలోనే కొత్త ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కడతాం. మూడు పుస్తకాలు కొంటాం. పొద్దున నాలుగున్నరకు అలారం పెడతాం. అరగని మేత చుట్టూ పేరుకుపోతుంది. చదవని పుస్తకం, చూడని వీడియో పాఠం, మోగి ఆగిపోయిన అలారం ఒక్కొక్కటీ ‘నువ్వు ఓడిపోయావు’ అని గుర్తుచేసే వస్తువైపోతుంది. ఆ రోజుల్లో ముందుగా చేయాల్సింది పడక పలచన చేయడం. చేతిలో ఉన్న అయిదు పనుల్లో మూడింటిని నెలాఖరు దాకా పక్కన పెట్టి, అలా పెట్టినట్టు కాగితం మీద రాసుకోవాలి. రాయకుండా వదిలేసిన పని రోజంతా తల మీదే కూర్చుంటుంది. ఫలానా తేదీకి మళ్లీ చూస్తానని రాసుకున్న పని దిగి కింద కూర్చుంటుంది.

ఇంకో సంగతి. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు తన జీవితకాలంలో తినే ఆకులో నూటికి ఎనభై వంతులకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. నాలుగుసార్లు ఆగి చర్మం మార్చుకోబట్టే ఆ ఒంట్లో అంత తిండికి చోటు దొరికింది.

బలవంతపు పూత

మామిడి తోటల వాళ్లది ఇంకో రకం ఓర్పు. నూజివీడులోనైనా, కొల్లాపూర్‌లోనైనా, జగిత్యాలలోనైనా అక్టోబరు, నవంబరు వచ్చేసరికి కాపుకొచ్చిన తోటకు నీళ్లు కట్టడం ఆపేస్తారు. అంతకుముందు వచ్చిన కొమ్మలు ముదరాలి. చలి తగలాలి, నేల కాస్త ఎండాలి. అప్పుడు ఆ కొమ్మల చివర పూత వస్తుంది. చెట్టు వాడినట్టుందని జాలిపడి ఆ రెండు మూడు నెలల్లో తడి పెడితే చెట్టు పచ్చగా చిగురిస్తుంది. చూడటానికి ఎంత కళగా ఉన్నా పూత రావాల్సిన చోట ఆకు వచ్చిందన్నమాట. ఆ ఏటి కాపు దెబ్బతిన్నట్టే. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ నీటి తడులు మొదలవుతాయి.

చాలా మామిడి రకాలకు ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు పలచగా కాసే స్వభావం ఉంది. నిండుగా కాసిన చెట్టు తన నిల్వలన్నీ కాయలకే పెట్టేస్తుంది. కాయ కోశాక కొత్త కొమ్మ వేసి, అది ముదిరి, పూతకు సిద్ధం కావడానికి దానికి సమయం చాలదు. ఇది చెట్టు బద్ధకం అనే రైతు ఎవరూ ఉండడు. నిరుడు ఎంత కాసిందో అతనికి గుర్తుంటుంది.

మనకు మాత్రం గుర్తుండదు. ఇంట్లో పెళ్లి చేశాక, పరీక్ష రాశాక, ఆఫీసులో పెద్ద ప్రాజెక్టు అప్పగించాక, ఏడాదిపాటు ఆస్పత్రుల చుట్టూ తిరిగి అమ్మానాన్నలను చూసుకున్నాక వచ్చే నిస్సత్తువను మనం లోపంగా లెక్కేస్తాం. అలాంటప్పుడు ‘నాకు ఎందుకు చేయాలనిపించడం లేదు?’ అని అడిగేముందు ‘గడిచిన ఆరు నెలల్లో నేను ఏం కాశాను?’ అని అడగాలి. చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది. అది కాపు తర్వాతి ఏడు. చెట్టుకు ఆ ఏడు కావాల్సింది ఎరువు, కొమ్మల కత్తిరింపు, కొంత గడువు. మనిషికైతే నిద్ర, వేళకు తిండి, నాలుగు పనులు వద్దనగల ధైర్యం.

పూతను బలవంతంగా తెప్పించే మందు కూడా ఉంది. పాక్లోబ్యూట్రజాల్ అనే రసాయనాన్ని చెట్టు మొదట్లో పోస్తే కొమ్మల పెరుగుదల అణిగి, చెట్టు పూతకు మళ్లుతుంది. తగిన మోతాదులో, బలమైన చెట్టుకు, ఎరువులూ కత్తిరింపులూ సరిగ్గా చూసుకుంటూ వాడితే ఫలితం ఉంటుంది. మోతాదు మించినా, నీరసించిన చెట్టుకు ఏటా పోసినా కొమ్మలు గిడసబారిపోతాయి, పూగుత్తులు ముడుచుకుపోయి వస్తాయి. ఆ మందు నేలలో చాలాకాలం ఉండిపోతుంది కూడా. మనుషుల్లో దీనికి సాటి రోజుకు ఆరు కాఫీలు, రాత్రి రెండింటి దాకా చదువు, ఇంకొకరి విజయం చూసి పుట్టిన అసూయ. అసూయతో పని జరగదని కాదు. ఒక పరీక్ష దాకా లాక్కెళ్తుంది, ఆ తర్వాతి పరీక్షకు మోతాదు పెంచమంటుంది.

నీళ్లున్నప్పుడు చేయలేని పని

తెలంగాణ పల్లెల్లో వేసవి వస్తే చెరువు అడుగు తేలుతుంది. నెర్రెలిచ్చిన ఆ నేలను చూసి కొత్తవాళ్లు అయ్యో అనుకుంటారు. ఒకప్పటి ఊరివాళ్లు మాత్రం పార, గంప, బండి సిద్ధం చేసుకునేవాళ్లు. ఏడాదంతా వరదతో కొట్టుకొచ్చి అడుగున పేరుకున్న ఒండ్రును తీయడానికి అదొక్కటే అదను. తీసిన మట్టిని పొలాలకు తోలుకునేవాళ్లు. బంకమట్టి, కుళ్లిన ఆకు అలము కలిసిన ఆ పూడిక వేస్తే చెలక నేల తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. తూము బాగుచేయడానికి, మత్తడి రాళ్లు సర్దడానికి, కట్టకు పడిన గండ్లు పూడ్చడానికి కూడా ఆ రోజులే కావాలి. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టిన పాకాల, రామప్ప చెరువులు నేటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయంటే కట్టిన చేతుల పనితనం ఒక్కటే కారణం కాదు. తర్వాతి తరాలు ఎండాకాలాల్లో చేసిన మరమ్మతులు కూడా అందులో ఉన్నాయి. ఆ అలవాటు తప్పిన ఊళ్లలో చెరువులు పూడిపోయాయి. నిండు వానలు కురిసినా నిలిచే నీళ్లు తగ్గాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో వేలాది చెరువుల పూడికతీత చేపట్టాల్సి వచ్చింది.

నిండిన చెరువులో పూడిక తీయలేం. ఉత్సాహం పొంగుతున్నప్పుడు మన జీవితంలోనూ ఎవరూ అడుగు చూడరు. పని సాగుతుంటే నిద్ర ఎంత తగ్గిందో, ఏ స్నేహితుడికి ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో, ఏ అప్పు ఎంతకు పెరిగిందో, అసలు ఈ పరీక్ష మనకు కావాలా, నాన్నకు కావాలా అన్న ప్రశ్నలన్నీ నీళ్ల కిందే ఉండిపోతాయి. నీళ్లు ఇంకినప్పుడు అవి బయటపడతాయి. ఉత్సాహం లేని కాలం ఎక్కువగా బాధపెట్టేది ఇందుకే. శూన్యం కన్నా ఆ కనిపించే ఒండ్రే మనకు కష్టం.

అందుకే ఆ రోజుల్లో చేయాల్సిన పనుల జాబితా వేరుగా ఉండాలి. కొత్త లక్ష్యాలకు అందులో చోటు లేదు. వాయిదా వేసిన పంటి వైద్యం, గుట్టగా పడిన కాగితాలు సర్దడం, బీరువాలో పనికిరానివి తీసేయడం, మాట పట్టింపుతో దూరమైన అన్నయ్యకో పెద్దమ్మకో ఒక ఫోను, చేసే పనిలో ఎప్పటినుంచో తడబడుతున్న ఒక చిన్న మెళకువను మొదటినుంచి నేర్చుకోవడం. లెక్కల పరీక్షకు చదివేవాడు ఆ వారం కొత్త అధ్యాయం జోలికి పోకుండా పాత సూత్రాలు చేత్తో రాసుకోవచ్చు. పాట నేర్చుకునే అమ్మాయి కొత్త కీర్తన పక్కనపెట్టి సరళీ స్వరాలకు తిరిగి వెళ్లవచ్చు. వీటికి పెద్ద ఊపు అక్కర్లేదు. ఊపు తిరిగొచ్చాక మాత్రం వీటికి సమయం దొరకదు.

వదిలేయడం ఓర్పు కాదు

ఇక్కడ జారిపోయే ప్రమాదం ఒకటుంది. ‘ప్రకృతే చూసుకుంటుంది’ అని అన్నీ వదిలేయడం. దానికి జవాబు చెప్పగలిగినవాడు జపాన్ రైతు మసనోబు ఫుకువోకా. దున్నకుండా, రసాయనాలు వేయకుండా వ్యవసాయం చేసి ప్రపంచాన్ని ఆలోచింపజేసినవాడు. 1988లో మెగసెసే పురస్కారం అందుకున్నాడు. ఆయన పుస్తకం తెలుగులో ‘గడ్డిపరకతో విప్లవం’ పేరుతో వచ్చింది. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన తన తండ్రి నారింజ తోటను ప్రకృతికే వదిలేద్దామని కత్తిరింపులు మానేశాడు. కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి అల్లుకుపోయాయి, పురుగు పట్టింది, చెట్లు ఎండిపోయాయి. మనిషి చేతిలో కత్తిరింపులకు అలవాటుపడిన చెట్టును ఒక్కసారిగా వదిలేస్తే అది సహజత్వానికి చేరదని, నాశనమవుతుందని ఆయన ఆ తోట దగ్గరే తెలుసుకున్నాడు. తర్వాత ఆయన చేసిన ‘ఏమీ చేయని వ్యవసాయం’లో ఎప్పుడు విత్తాలో, గడ్డి ఎలా పరచాలో, ఏ పని మానేయాలో తెలిసిన మనిషి ప్రతిరోజూ పొలంలోనే ఉన్నాడు.

మన రోజులు కూడా అలవాట్లతో కత్తిరించి పెంచినవే. ఊపు లేదని నిద్రలేచే వేళ, స్నానం, భోజనం, నడక, ఒకరిద్దరితో మాట, ఇవన్నీ ఒకేసారి వదిలేస్తే విశ్రాంతి దొరకదు, అల్లిబిల్లి పెరుగుతుంది. కాబట్టి ఏది మానేసినా రోజుకు నాలుగు గుంజలు కదలకుండా ఉండాలి: లేచే సమయం, వేళకు భోజనం, ఎండ తగిలేలా కాస్త నడక, చేతిలోని ముఖ్యమైన పనికి పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు ఇష్టం పుట్టాక మొదలుపెట్టేవి కావు. దిగులుకు ఇచ్చే మనస్తత్వ చికిత్సల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది. దాని సారం ఇదే: మనసు కుదిరాక పని అని కూర్చోకుండా చిన్న పనితో మొదలుపెడితే మనసు దాని వెనక వస్తుంది. రాకపోయినా ఆ రోజుకు ఒక సన్నపిలక వేశారు, అది చాలు.

గడువు ముంచుకొస్తే?

‘ఇదంతా బాగానే ఉంది, నా పరీక్ష నలభై రోజుల్లో ఉంది’ అనేవాళ్లుంటారు. న్యాయమైన మాటే. ప్రకృతి గడియారానికీ మన గడువుకూ ప్రతిసారీ పొత్తు కుదరదు. దీనికీ గోదావరి రైతు దగ్గర ఒక ఉపాయం ఉంది.

కొన్ని వరి రకాల గింజ కోశాక కొన్ని వారాలపాటు మొలకెత్తదు. ఆ నిద్ర లేని రకాలైతే కోతల వేళ తుపాను వచ్చి చేను పడిపోయినప్పుడు కంకి మీదే మొలకలొచ్చేస్తాయి. అంటే గింజకు ఆ నిద్ర రక్షణ. అయితే సార్వాలో, అంటే వానాకాలంలో, పండిన గింజనే వెంటనే దాళ్వాకు, అంటే యాసంగికి, విత్తనంగా వాడాలంటే అంతకాలం ఆగడం కుదరదు. అప్పుడు లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్లు, నిద్ర గట్టిదైతే 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి, అందులో 24 గంటలు నానబెట్టి, శుభ్రంగా కడిగి మొలకెత్తడానికి మండె కట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. యాసిడ్‌తో నిద్ర లేపడమన్నమాట. కానీ కొలత ఉంది, గంటల లెక్క ఉంది, చివర్లో కడగడం ఉంది.

గడువు ఉన్నవాళ్లు తమ మీద ఒత్తిడి పెట్టుకోవచ్చు, ఈ మూడూ మరవకుండా. కొలత: రోజుకు ఇన్ని గంటలే, ఈ రెండు సబ్జెక్టులే. లెక్క: పరీక్ష తేదీ దాకానే, ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఇదే వేగం వద్దు. కడగడం: అయ్యాక నిజమైన విశ్రాంతి, ముందే క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నది. ముగింపు తేదీ లేని ఒత్తిడి విత్తనాన్ని యాసిడ్‌లోనే మరిచిపోవడం.

పచ్చి కొమ్మా, ఎండు కొమ్మా?

ఆకు రాల్చిన కొమ్మ బతికుందో లేదో తెలుసుకోవడానికి తోటమాలి గోటితో బెరడు గీస్తాడు. కింద ఆకుపచ్చ కనిపిస్తే ఊరుకుంటాడు, లేకపోతే ఏదో ఒకటి చేయాలని తెలుసుకుంటాడు. మనమూ అలా గీసి చూసుకోవాల్సిన సందర్భాలున్నాయి.

పని మీద ఇష్టం తగ్గినా మనవరాలి మాటలకు నవ్వొస్తోందా, నచ్చిన కూర రుచిగా ఉందా, పాత పాట వింటే బాగుందా? అయితే లోపల పచ్చి ఉన్నట్టే. అలా కాకుండా రోజులో ఎక్కువసేపు దిగులు, ఒకప్పుడు ఆనందమిచ్చిన దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి బాగా తగ్గడమో పెరగడమో, నేను దేనికీ పనికిరాననే భావన, ఇవి రెండు వారాలకు మించి రోజూ ఉంటే అది ఓర్పుతో దాటాల్సిన కాలం కాదు. వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన సమయం. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి కూడా ఇలాగే నీరసపరుస్తాయి, మామూలు రక్తపరీక్షల్లో తెలుస్తాయి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు లెక్కపెట్టనక్కర్లేదు, వెంటనే ఎవరికైనా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో అలాంటివాళ్లున్నప్పుడు ‘ఓపిక పట్టు, అదే సర్దుకుంటుంది’ అనకుండా తోడు వెళ్లడమే మనం చేయగల సాయం.

మొదటి వానకే విత్తొద్దు

చివరగా, చాలా వ్యాసాలు చెప్పకుండా వదిలేసే ఘట్టం: ఊపు తిరిగి వచ్చిన రోజు. ఒక పొద్దున ఏ కారణం లేకుండానే తేలిగ్గా ఉంటుంది. పుస్తకం తెరవాలనిపిస్తుంది. పోగొట్టుకున్న రోజులన్నీ వారంలో పూడ్చేయాలనిపిస్తుంది. అన్నిటికన్నా ఓర్పు కావాల్సింది ఆ పొద్దునే.

వర్షాధారంగా పత్తి వేసే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే నేల వాసనకు చేతులు ఆగవు. ఆ తడికే గింజ పెడితే మొలక వస్తుంది, వెనక వాన లేకపోతే వారంలో మాడిపోతుంది. మళ్లీ విత్తనాల ఖర్చు, మళ్లీ కూలీలు. అందుకే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోతుగా తడిశాకే విత్తమని వ్యవసాయాధికారులు ఏటా చెబుతారు. ఆగిన రైతు ఆ నాలుగు రోజులూ ఊరికే కూర్చోడు. గట్లు సరిచేస్తాడు, గుంటక తోలుతాడు.

ఊపు వచ్చిన మొదటిరోజే ఆరు నెలల టైమ్‌టేబుల్ వేయకండి, ఎవరికీ మాట ఇవ్వకండి, డబ్బు కట్టకండి. పదిహేను నిమిషాల పనిని అరగంట చేయండి. వారం నిలిస్తే గంట చేయండి. పక్కన పెట్టి రాసుకున్న పనుల్లోంచి ఒకదాన్ని మాత్రమే వెనక్కి తెచ్చుకోండి. మధ్యలో ఒకరోజు మళ్లీ మబ్బు తేలిపోవచ్చు. గింజ ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి నష్టం ఉండదు.

ఇలా ఒకసారి దాటినవాళ్లకు ఒక తెలివి మిగులుతుంది. అలాంటి కాలం ఇంకోసారి వస్తుంది, తప్పదు. వచ్చినప్పుడు తమను తాము నిలదీసుకోవడానికి బదులు మూడు ప్రశ్నలు వేసుకోగలుగుతారు: ఇప్పుడు ఏ మేత ఆపాలి? ఏ గుంజలు కదలకుండా చూడాలి? ఏ పూడిక తీయాలి? జవాబులు ఒక కాగితం మీద రాసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలకు ఊపు అక్కర్లేదు, ఒక పెన్ను చాలు.